ప్రభువు బల్ల దగ్గర బేరం

మా అమ్మ ప్రభువు బల్ల దగ్గర బేరమాడింది.

నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ప్రార్థన మందిరం నిండా జనం. ద్రాక్షరసం పోసిన బుల్లి గ్లాసుల పళ్లెం పట్టుకుని సంఘపెద్ద ఆడవాళ్ల చాపల వరస వెంట వంగి వంగి వస్తున్నాడు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒక గ్లాసు తీసి, వెలుతురుకేసి ఎత్తి చూసింది. బొటనవేలంత గ్లాసు, అందులో సగానికే రసం.

"ఏంది నాయినా ఇది? ఇంత కోత కోస్తే ఎట్ల? నిండ పొయ్యి," అంది.

"తీసుకోండమ్మా," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి.

"తీసుకుంట గానీ కొసరెయ్యవా? పొద్దుగాల బోణీ బేరం. నేను తిరిగి పోతే నీకే మంచిది గాదు మరి."

ఆడవాళ్లలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. పిల్లలు బాహాటంగానే నవ్వారు. అమ్మను చూసుకోవాలని మగవాళ్ల చాప అంచున, ఆమెకు చెయ్యి అందేంత దూరంలో కూర్చునేవాణ్ని నేను. నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, మెచ్చుకోలు. వానలు మొదలైనప్పటి నుంచీ ఆమెకు నా పేరు తెలియదు. నన్ను ఒకరోజు వాళ్ల అన్న అంటుంది, ఒకరోజు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడంటుంది. కానీ కొలత తగ్గిందని మాత్రం దూరం నుంచే పట్టేసింది. దుకాణదారు కొడుకును, ఇలాంటివి చూస్తే నా ఛాతీ దానంతటదే పొంగుతుంది, ఏం చెయ్యను.

తర్వాత పెద్దాయన ముఖం చూశాను. ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. మనిషి భయపడ్డాడు.

*

అడవుల నడుమ ఈ బీజాపూర్ బజారులో మాది కిరాణా కొట్టు. మా నాయన భద్రాచలం అవతలి నుంచి ఉప్పు, ఎండు చేపలు మోసుకుని సంతలు తిరుగుతూ వచ్చి ఇక్కడ నిలబడ్డాడు. మా ఇంట్లో గోండి పలకరించడానికి, హిందీ ధర చెప్పడానికి, దోర్లి తిట్టడానికి, తెలుగు ఏడవడానికి. అట్లా నాలుగు భాషల్లో బేరాలు వింటూ పెరిగాను. దేవుడు కూడా మాకు బజారు మనిషి లాగే అర్థమయ్యేవాడు. జ్వరం తగ్గిస్తే కొబ్బరికాయ. లారీ సరుకు తడవకుండా వస్తే కోడి. మా నాయన మొక్కుల్లో కూడా మొదట తక్కువ చెప్పి, తర్వాత అవసరాన్ని బట్టి పెంచేవాడు. "ముందే పెద్దది చెప్పొద్దురా, దేవునికి అలవాటైతది," అనేవాడు.

అలాంటి ఇంట్లో అమ్మ ఒకరోజు పక్కింటి దర్జీ భార్య వెంట ప్రార్థనకు వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత బాప్తిస్మం తీసుకుంటానంది. మా నాయన పెద్దగా గొడవ చేయలేదు గానీ, వ్యాపారి అడగాల్సిన మాట అడిగాడు.

"ఏమిస్తడంట మీ దేవుడు?"

"నేనడగలే."

"అడగకుండనే కొన్నవా?" అని నాయన ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు. ఆయనకు మతం మారిందని బాధ కాదు, పెళ్లాం బేరమాడకుండా వచ్చిందని బాధ.

ఆమె చదువుకోలేదు. మాకెవరికీ బోధ చేసిందీ లేదు. కానీ కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాం. అడవి పల్లెల నుంచి చింతపండో ఇప్పపువ్వో తెచ్చి అమ్ముకునేవాళ్లకు తూచేటప్పుడు, తక్కెడ కింద చిటికెన వేలు ఆనించడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్య. నాకూ ఊహ తెలియకముందే వచ్చేసింది. అమ్మ వేలు ఆ పని మానేసింది.

"వేలుకేమైంది?" అన్నాడు నాయన.

"నొస్తాంది," అంది అమ్మ.

ఆ నొప్పి ఆమెకు ఇంక తగ్గలేదు. మందిరంలో ఎవరూ తక్కెడ గురించి మాట్లాడలేదు, నేను కనుక్కున్నాను కూడా. మరి ఆ వేలుకు ఎవరు చెప్పారో నాకు అప్పుడు అర్థం కాలేదు. నష్టం మాత్రం బాగా అర్థమైంది.

నేనూ ఆమె వెనకాల మందిరానికి వెళ్లి వెళ్లి, ఒక వయసులో నీళ్లలో మునిగి లేచాను. మందిరం పాస్టరు, మా అయ్యగారు, ప్రతి మొదటి ఆదివారం బల్ల ముందు ఒకే సంగతి చెప్పేవారు. దేవుడు పూర్వం ఒక జనాన్ని చెయ్యి పట్టుకుని చెర నుంచి బయటికి తెచ్చి వాళ్లతో నిబంధన చేసుకున్నాడు. వాళ్లు తప్పారు. అప్పుడాయన కొత్త నిబంధన చేస్తానన్నాడు. ఈసారి ఆజ్ఞలు రాతిపలకల మీద కాదు, లోపల, గుండె మీద రాస్తాను. అప్పుడు ఒకడు పక్కవాడికి దేవుణ్ని తెలుసుకో అని నేర్పే పని ఉండదు. పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ నేను తెలుస్తాను. వాళ్ల తప్పులు ఇక గుర్తు పెట్టుకోను. ఈ గిన్నె ఆ నిబంధనే, అని ముగించేవారు.

విన్నప్పుడల్లా నాకు ఆయన మీద, అంటే ఆ పైవాడి మీద, జాలేసేది. ఒకసారి మాట తప్పిన పార్టీతో మళ్లీ ఒప్పందం చేసుకునేవాణ్ని మా బజారులో వెర్రోడంటారు. అందులోనూ రెండు పక్కలా పూచీ తనదేనంటే, ఇక వాడికి దుకాణం పెట్టుకోమని ఎవరూ సలహా ఇవ్వరు.

*

అమ్మకు మతిమరుపు ఉప్పు రెండుసార్లు వేయడంతో మొదలై, పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టడం దాకా వచ్చి, మనుషుల దాకా వచ్చింది. జగదల్‌పూర్ డాక్టరు ఫొటో తీయించి చూసి, మెదడు ఎండుతోందమ్మా అన్నట్టు హిందీలో మెల్లగా చెప్పాడు. బైబిలు వాక్యాలు పోయాయి. పొట్లాలు కడుతూ పెదవుల మీద ఆడించుకునే ప్రార్థన పోయింది. నోట్లోకి ఎక్కడి నుంచో బూతులు వచ్చాయి. జీవితంలో ఎప్పుడూ అనని మాటలు ఎదురింటి కోడల్ని అంది.

మిగిలింది మొదటి ఆదివారం ఒక్కటే. నా భార్య తెల్ల చీర తీసి మంచం మీద పెట్టేసరికి అమ్మ లేచి కూర్చునేది. ఎక్కడికో తెలియదు, ఎందుకో తెలియదు. జుట్టు తడుముకునేది. నూనె పెట్టమని తల ముందుకు వంచేది. దారిలో ఎవరి మీదా అరిచేది కాదు. మందిరంలో చాప మీద కూర్చుని, పళ్లెం వచ్చే వైపు తలతిప్పి చూస్తూ ఉండేది. నెలలో ఆ ఒక్క పూట మా అమ్మ మాకు తిరిగి కనిపించేది. అందుకే నాకు దానిమీద అంత ఆశ. అది కూడా పోతే ఇంక ఆమెను ఎక్కడ వెతుక్కోవాలో నాకు తెలియదు.

ఆ బేరం జరిగిన వారంలోనే పెద్దాయన, అయ్యగారు కలిసి దుకాణానికి వచ్చారు. పెద్దాయన బచేలి గనిలో పనిచేసి రిటైరై, ఇక్కడ బిడ్డ దగ్గర ఉంటున్నాడు. కోస్తా మనిషి, మాట మెత్తన. అయ్యగారు నాకంటే చిన్నవాడు. ఇద్దరినీ బియ్యం బస్తాల మధ్య స్టూళ్ల మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఎదుటివాడి చేతిలో మన గ్లాసు ఉంటే వాడు కాదనడం కష్టం. ఇది మా నాయన నేర్పి పోయిన విద్య.

"బాబూ, మీ అమ్మగారు నాకు తల్లిలాంటిది," అని మొదలుపెట్టాడు పెద్దాయన. అలా మొదలైందంటే చివర మంచి మాట ఉండదని నాకు తెలుసు.

"చెప్పండి పెద్దయ్యా."

"ఇకమీదట ఆవిడ వచ్చి కూర్చుంటారు. పళ్లెం మాత్రం... పక్కనుంచి వెళ్తుంది."

"ఎందుకని?"

"అదేమిటో తెలియకుండా తినకూడదయ్యా. తనను తాను పరీక్షించుకుని తినాలి. తెలియక తింటే శిక్ష తిని తాగినట్టని రాసుంది. ఆవిడ నవ్వులపాలయ్యారని కాదు నా బాధ. ఆవిడ మీదికి శిక్ష నా చేత్తో తీసుకెళ్లి ఇవ్వలేను."

అంతలో ఒక జవాను వచ్చి "భయ్యా, సాబున్" అన్నాడు. సబ్బు ఇచ్చి పంపి మళ్లీ కూర్చున్నాను. ఆ కాస్త సందులో నా తల పనిచేసింది.

"అయ్యగారూ, మీరే గదా చెప్తరు, గుండె మీద రాసేది ఆయననే అని."

"అవును."

"రాసేది ఆయన. పలక ఆయనది. పలక పాతబడి పగిలితే, రాసినోడు మరిచిపోతడా?"

అయ్యగారు తాగబోతున్న చాయ్ గ్లాసు కింద పెట్టారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మాట బాగుంది బాబూ. నీకు మాట బాగానే వచ్చు. కానీ నాకు చెయ్యి రాదు."

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. అయ్యగారి మనసు నా వైపే మొగ్గుతోంది, ఇంకో వారం ఊరుకుంటే ఏ షరతూ లేకుండా సరేననేవారు. కానీ కళ్ల ముందు బేరం సగంలో ఉంటే నా పుట్టుకకు నిద్ర పట్టదు. రెండు వైపులా కొంత దిగితే తప్ప అది మాకు బేరం కాదు.

"సరే పెద్దయ్యా, నీ మాట కాదు, నా మాట కాదు. వచ్చే మొదటి ఆదివారం రొట్టె చూపించి, ఇదేందమ్మా అని ఒక్క ప్రశ్న అడుగు. ఏదన్న ఒక్క ముక్క సరిగ్గ చెప్పిందనుకో, ఇయ్యి. చెప్పలేదనుకో, నేను నోరెత్త."

పెద్దాయన అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారికి ఇష్టం లేదని ముఖంలోనే తెలుస్తోంది. "ప్రశ్నలెందుకు..." అన్నారు. కానీ మేమిద్దరం అప్పటికే తలలూపుకున్నాం. పెద్దాయన భారం దిగినట్టు చాయ్ మొత్తం తాగాడు. నేను లోపల చంకలు గుద్దుకున్నాను. నెల గడువు ఉంది. నెలలో నేను గాడిదకు కూడా ధరల పట్టిక నేర్పగలను.

ఇంట్లో చెప్తే నా భార్య చేట పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది.

"అత్తమ్మ వాటా మీద నువ్వెట్ల బేరం జేస్తివి? అది నీదా?"

*

చపాతీ ముక్క చిన్న స్టీలు పళ్లెంలో పెట్టుకుని పొద్దున్నే అమ్మ మంచం పక్కన కూర్చునేవాణ్ని.

"అమ్మా, ఇది ఏంది?"

"రొట్టె."

"ఎవరి రొట్టె?"

"నీ పెండ్లాం జేసింది."

వంటింట్లోంచి "నిజమే గదా!" అని మా ఆవిడ.

"కాదమ్మా. యేసయ్య శరీరం. అను."

"యేసయ్య శరీరం."

"శభాష్. ఇది ఏంది?"

"రొట్టె."

మొదటి రోజుల్లో ముగ్గురం నవ్వాం. అమ్మ కూడా, మేం నవ్వుతున్నామని నవ్వింది. తర్వాత నవ్వు నాకు అయిపోయింది. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి మళ్లీ అడిగేవాణ్ని. ఒక పూట చెప్పింది మరో పూటకు ఉండేది కాదు. చిల్లు గోనెలో పప్పు పోసినట్టు నేను పోస్తూనే ఉన్నాను, కింద నుంచి కారిపోతూనే ఉంది.

అప్పుడు నాకు వచ్చిన విద్యే వాడాను. గిరాకీకి సరుకు మీద ఆశ పుట్టాక సరుకు కొంచెం వెనక్కి లాగాలి. అమ్మ ఆకలి మీద ఉన్నప్పుడు పళ్లెం తెచ్చేవాణ్ని. చెయ్యి చాపేది. పళ్లెం వెనక్కి తీసుకునేవాణ్ని.

"చెప్పినాక తిందువు."

"ఆకలైతాంది."

"ఒక్క మాటనే అమ్మా. చెప్పు, తిను."

ఆమె నా ముఖంలోకి చూసేది. నేను ఎవరో తెలియని ఆ చూపులో ఇంతకుముందు భయం లేదు. మెల్లగా వచ్చి చేరింది. నా లోపల ఎవరో అంటూనే ఉన్నారు, ఇచ్చెయ్యరా, ముసలామెకు ఆకలవుతోంది అని. గట్టిగా కాదు. మా నాయన గొంతు కాదు, అయ్యగారి గొంతు కాదు. ఆ గొంతుతో కూడా నేను బేరమే చేశాను. ఒక్క జవాబు రానీ, ఇస్తాను. ఈ పూట కాకపోతే ఆదివారం గెలిచినాక ఇస్తాను, జీవితాంతం ఇస్తాను. ఆ గొంతు నాతో వాదించలేదు. అన్నదే మళ్లీ అని ఊరుకుంది.

ఒక పొద్దున అమ్మ తనంతట తానే అంది, "యేసయ్య శరీరం" అని. పళ్లెం ఇంకా తేనే లేదు. నేను ఎగిరి గంతేశాను. దువ్వెన చూపిస్తే "యేసయ్య శరీరం" అంది. సబ్బు చూపించినా అదే. గంజి గిన్నె చూపించినా అదే. నేను గుమ్మంలోకి వచ్చేసరికే ఆ మాట గబగబా అనేసి చెయ్యి చాపుతోంది.

"చూసినవా, నేర్చుకుంది!" అన్నాను.

మా ఆవిడ గంజి గిన్నె నా చేతిలోంచి లాక్కుంది. "ఆమె నేర్చుకుంది మాట గాదయ్యా, నువ్వొస్తే బెదురుడు. అయ్యగారు చెప్పేటప్పుడు నువ్వు నిద్ర పోతవ్, నేను వింట. ఒకడు ఇంకొకడికి నేర్పే పని ఉండదనే గదా ఆ దేవుడన్నది? మరి పొద్దుమాపు నువ్వు జేసేదేంది?"

"ఇంక కొన్ని రోజులే," అన్నాను. ఆదివారం నేను గెలుస్తానని నాకు నమ్మకంగా ఉంది.

*

ఆ ఆదివారం తెల్ల చీర మంచం మీద పెడితే అమ్మ లేచి కూర్చుంది, ఎప్పటిలాగే. తల వంచి నూనె పెట్టించుకుంది. మందిరంలో చాప మీద ఒద్దికగా కూర్చుంది. నేను నా అంచున కూర్చుని, పరీక్షకు పిల్లను పంపినవాడిలా చేతులు నలుపుకుంటున్నాను.

పెద్దాయన రొట్టె పళ్లెంతో వరస వెంట వచ్చాడు. అమ్మ ముందు ఒక మోకాలు నేల మీద పెట్టి వంగాడు. అడగలేక అడిగాడని ఆ గొంతు విన్నవాళ్లందరికీ తెలుసు.

"అమ్మా... ఇదేమిటమ్మా?"

అమ్మ రొట్టె ముక్కల వైపు చూసింది. పెదవులు కదిలాయి. జవాబు అక్కడే ఉంది, నాలుక చివర ఉంది, నాకు కనిపిస్తోంది. నేను ఆగలేక మెడ ముందుకు చాచి ఆమె వైపు కళ్లతో "చెప్పు" అన్నాను. అప్పుడు ఆమె నన్ను చూసింది.

రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది.

"కొట్టకు నాయినా. నాకు తెల్వదు. కొట్టకు, నాకు తెల్వదు."

ఆమెను మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ కొట్టలేదు. ఈ మాట నేను తర్వాత చాలామందికి చెప్పాను, వాళ్లు అడగకపోయినా. నమ్మామన్నారు. కానీ ఆ క్షణంలో మందిరమంతా విన్నది ఆమె మాటే. ఈసారి పిల్లలు కూడా నవ్వలేదు.

పెద్దాయన లేవలేదు. పళ్లెం అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు. నేను ఒక్క మాట, "ఇవ్వు పెద్దయ్యా" అని ఒక్క మాట అంటే ఇచ్చేసేవాడు. షరతు, ప్రశ్న, భయం, అన్నీ ఆయన అప్పటికే వదిలేశాడు. పుట్టినప్పటి నుంచీ ఎక్కడ ఎప్పుడు నోరు తెరవాలో తెలిసిన నేను, ఆ ఒక్కచోట నోరు తెరవలేకపోయాను. చెప్పలేకపోతే నోరెత్తనని అన్నది నేనే మరి.

నా భార్య అమ్మను పొదివి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. పళ్లెం పక్క మనిషి దగ్గరికి జరిగింది.

*

పిలవకుండానే ఆ వారం ఇద్దరూ ఇంటికి వచ్చారు. పెద్దాయన తెల్ల చేతిరుమాలులో రొట్టె చుట్టుకుని వచ్చాడు.

"ప్రశ్న లేదు బాబూ. అసలు అడగడమే నా తెలివితక్కువ."

"మాట కుదిర్చింది నేను గదా పెద్దయ్యా."

"ఇద్దరం కుదుర్చుకున్నాంలే," అన్నాడు.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా భార్య లేపి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. అయ్యగారు నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు ఆ నిబంధన మాటలు చెప్పి, చిన్న ముక్క తుంచి ఆమె పెదవుల దగ్గర పెట్టారు.

అమ్మ పెదవులు బిగించింది.

"తినమ్మా," అన్నారు అయ్యగారు. "ఎవరూ ఏమీ అడగరు. తినమ్మా."

తల పక్కకు తిప్పేసింది. నా భార్య బతిమాలింది. పెద్దాయన బతిమాలాడు. నేను ఏమీ అనలేదు, నా గొంతు వింటే ఇంకా బిగుస్తుందని. గ్లాసులోని రసం వేలితో తడిపి పెదవికి రాస్తే కొంగుతో తుడిచేసుకుంది. ఆమెకు రొట్టె అంటే ఇప్పుడు భయం, అంతే. ఆ పళ్లెం, ఆ ముక్క, ఎదురుగా కూర్చున్న మనిషి. అందులో ప్రభువు ఎక్కడున్నా, ఆయనకు ముందు నేను కూర్చుని ఉన్నాను.

పెద్దాయన నేల మీద చతికిలబడి ముఖం కప్పుకున్నాడు. అయ్యగారు ఆ ముక్కను రుమాలులో మళ్లీ పెట్టి మడతపెట్టారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో అన్నారు, "ఆమెకు ఆయన తెలియకపోయినా, ఆయనకు ఆమె తెలుసన్నా. ఆ నిబంధనలో చెయ్యి పట్టుకున్నది ఆయనే."

తలూపాను. ఆ మాట నాకూ కావాలి. కానీ నేను బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడకుండా ఏ సరుకూ కొన్నవాణ్ని కాదు. అమ్మలో ఆ గుండె మీది రాత కోసం రోజూ చూస్తాను. ఆకలి కనిపిస్తుంది. కోపం, నిద్ర, భయం కనిపిస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆమె నవ్వులో దేవుడున్నాడంటారు. ఆ నవ్వు నాకు కనబడినప్పుడు కడుపు నిండిన నవ్వే అనిపిస్తుంది. రాసినవాడికి చదవడం తెలుసునేమో, నాకు తెలియదు. నా లోపల రాసింది మాత్రం నేను విన్నాను. ఇచ్చెయ్యరా అన్నది. అంత తేలికైన మాట, చదువు రానివాడికి కూడా అర్థమయ్యే మాట.

మొదటి ఆదివారాలు ఇప్పుడు నేనొక్కణ్నే వెళ్తున్నాను. మా ఆవిడ తెల్ల చీర బయటికి తీయడం మానేసింది. పెద్దాయన పళ్లెంతో నా ముందుకు వచ్చి వంగుతాడు. ఇదేమిటి అని నన్నెవరూ అడగరు. జవాబు నాకు కంఠతా వచ్చు, నెలంతా నేర్పినవాణ్ని. దాని అర్థం అడిగితే చెప్పలేను. అయినా ఇస్తారు. తీసుకుంటాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అమ్మకు అన్నం పెడుతూ ఉంటుంది. పప్పన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి. ఆమె చేతి ముద్దకు అమ్మ నోరు తెరుస్తుంది. గుమ్మంలో నా నీడ పడితే ఆ నోరు ఆగిపోతుంది, చేతులు తల మీదికి లేస్తాయి. అందుకని లోపలికి వెళ్లను. గడపకు ఇవతలే నిలబడి, నా చేతుల్లో ఏ పళ్లెమూ లేదని ఆమెకు కనబడేలా, రెండు అరచేతులూ తెరిచి పెట్టుకుంటాను. ఆమె కాసేపు చూస్తుంది. తర్వాత తింటుంది.